నాటకశాలలు మూతపడ్డ రోజుల్లో నటులు ఎలా నిలబడ్డారు: నేను దగ్గరగా చూసింది

మీరు అడిగింది ఇది: కొవిడ్ కాలంలో నాటకశాలలు నెలల తరబడి మూసేస్తే రంగస్థలాన్నే నమ్ముకున్నవాళ్లు ఎలా తట్టుకున్నారు? మీరు ఉద్యోగం మానేసి పూర్తిగా నాటకంలోకి రావాలనుకుంటున్నారు, మళ్లీ అలాంటి రోజులొస్తే ఏం చేయాలన్న భయం కూడా ఉంది. నేను 27 ఏళ్లుగా నటిస్తున్నాను. 2020 నాటికి నాతో కలిపి 14 మంది ఉన్న ఒక చిన్న బృందాన్ని నడుపుతున్నాను. ఆ కాలమంతా వాళ్లతోనే ఉన్నాను కాబట్టి చూసింది చూసినట్టు చెబుతాను.

ముందు సూటిగా జవాబు. కడుపు నింపే పనినీ కళనూ వేరు చేసుకున్నవాళ్లు తట్టుకున్నారు. మూసేసిన రోజుల్లో కూడా నాటకమే తిండి పెట్టాలని పట్టుబట్టినవాళ్లు బాగా దెబ్బతిన్నారు. దొరికిన పని చేసి ఇల్లు గడుపుకుంటూ, రోజుకో గంట మాత్రం తోటి నటులతో కలిసి గొంతు విప్పినవాళ్లు మళ్లీ వేదిక ఎక్కారు. ఆన్‌లైన్ ప్రదర్శనల మీద బతికినవాళ్లు చాలా తక్కువ. మా బృందంలో ఒక్కరూ లేరు.

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పాలి. మూసేయడం కన్నా ఎప్పుడు తెరుస్తారో తెలియకపోవడం మమ్మల్ని ఎక్కువ కుంగదీసింది. న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వేని 2020 మార్చి 12న మూసినప్పుడు ఏప్రిల్ 12 దాకానే అన్నారు. తర్వాత జూన్ అన్నారు, సెప్టెంబర్ అన్నారు, వచ్చే జనవరి అన్నారు, మే అన్నారు. పెద్ద ప్రదర్శనలు మళ్లీ వరసగా మొదలైంది 2021 సెప్టెంబర్ 14న. నెల రోజులనుకున్నది ఏడాదిన్నర అయింది. అంత డబ్బూ అంత అనుభవమూ ఉన్నవాళ్లకే లెక్క తప్పితే చిన్న బృందాల సంగతి చెప్పేదేముంది? నేనూ మావాళ్లకు "మే నెలకల్లా ఆడేస్తాం" అన్నాను. తర్వాత ఆగస్టు అన్నాను. మూడోసారి ఇంకో నెల పేరు చెప్పబోతుంటే మా నటి ఒకామె ఫోన్‌లో ఆపేసింది. "మాస్టారూ, తేదీ చెప్పకండి. రేపు పొద్దున ఏం చేయాలో చెప్పండి" అంది. ఆ రోజు నుంచి నేను తేదీలు చెప్పడం మానేశాను. నెల రోజులే కదా అని అప్పు తెచ్చి ఇల్లు నడిపినవాళ్లకు ఆ అప్పు తీర్చడానికే రెండేళ్లు పట్టింది.

మిగతా వృత్తుల కంటే మాకు ఎందుకు ఎక్కువ కాలం పట్టిందంటే, మా పనిముట్టే ప్రమాదమైంది. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ లోయకు చెందిన ఒక బృందగాన సంస్థ రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చింది 61 మంది. ఒకరికి జలుబులాంటి లక్షణాలు ఉన్నాయి. చివరికి 53 మందికి జబ్బు చేసింది, ఇద్దరు చనిపోయారు. ఆ వార్త చదివాక నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చివరి వరసకు వినబడేలా ఊపిరి నిండా తీసుకుని మాట విసరడం మేం ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య. ఆ ఊపిరే వైరస్‌ను కూడా అంత దూరం తీసుకెళ్తుందంటే, మా విద్య మీద మాకే భయం వేసింది. పైగా కిటికీల్లేని మేకప్ గదుల్లో పది మంది భుజాలు రాసుకుంటూ కూర్చునే బతుకులు మావి.

సగం కుర్చీలతో తెరవచ్చు అన్నప్పుడు కూడా మాకు పెద్దగా ఒరిగింది లేదు. జర్మనీలో బెర్లినర్ ఎన్‌సెంబుల్ అనే నాటక సంస్థ వాళ్లు దూరం పాటించడానికి ఎన్నో కుర్చీలు పీకేసిన ఫొటో మీరూ చూసి ఉంటారు. కుర్చీలు తగ్గించొచ్చు కానీ నాటకంలో పాత్రల్ని తగ్గించలేం కదా. పదిమంది చూసినా, మూడొందల మంది చూసినా వేదిక మీద మేం అంతమందిమీ ఉండాల్సిందే, లైట్లు అన్నీ వెలగాల్సిందే. దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో మాత్రం ఒక పెద్ద సంగీత నాటకం 2020లో చాలా వరకు ఆడుతూనే ఉంది. బృందంలో ఇద్దరికి కొవిడ్ వస్తే దాదాపు మూడు వారాలు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. జ్వరం పరీక్షలు, మాస్కులు, వచ్చినవాళ్ల వివరాలు రాసుకోవడం, అన్నీ కట్టుదిట్టంగా చేశారు. ఊరంతా పరీక్షల వ్యవస్థ అంత పటిష్ఠంగా ఉన్నచోటే అది సాధ్యమైంది. ఒక బృందం తనంతట తాను చేయగలిగింది కాదు.

ఇక డబ్బు సంగతి. మావాళ్లు చేయని పని లేదు. ఒకతను సరుకుల డెలివరీకి వెళ్లాడు. లైటింగ్ చూసే అతను ఇళ్లకు వైరింగ్ పనులు పట్టుకున్నాడు. ఇంకో ఇద్దరు ఆన్‌లైన్‌లో పిల్లలకు పాఠాలు చెప్పారు. దుస్తులు కుట్టే ఆమె మాస్కులు కుట్టింది. లండన్‌లో, న్యూయార్క్‌లో కూడా నాటక దుస్తులు కుట్టేవాళ్లు ఆసుపత్రి సిబ్బందికి గౌన్లు కుట్టిపెట్టారు. నేను బీరువా తలుపులు తెరిచి, వేలాడే బట్టల మధ్య తల పెట్టి ఆడియో పాఠాలు రికార్డు చేశాను. బట్టలుంటే గొంతు గోడలకు కొట్టుకుని తిరిగి రాదు. ఖరీదైన స్టూడియో లేనివాళ్లకు అది చాలా మంచి పద్ధతి.

ఈ పనులన్నిటికీ ఒళ్లు అలవాటు పడింది కానీ మనసు పడలేదు. డెలివరీకి వెళ్లిన కుర్రాడిని ఒక ఇంటి దగ్గర మా నాటకం చూసిన పెద్దాయన గుర్తుపట్టాడట. అది జరిగాక పది రోజులు వాడు నా ఫోన్ ఎత్తలేదు. చివరికి ఎత్తి, "ఆయన నన్ను రాజు వేషంలో చూశాడు మాస్టారూ" అన్నాడు. నేను ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. తర్వాత చదివిన ఒక సంగతి వాడికి చెప్పాను. 1592 నుంచి 1594 దాకా లండన్‌లో ప్లేగు వల్ల నాటకశాలలు చాలాకాలం మూసే ఉన్నాయి. అప్పుడు షేక్‌స్పియర్ నాటకాలే పట్టుకుని కూర్చోలేదు. అచ్చులో అమ్ముడుపోయే రెండు దీర్ఘ కావ్యాలు రాశాడు. 1593లో ఒకటి, 1594లో ఒకటి వచ్చాయి, రెండూ ఒక యువ ప్రభువుకు అంకితమిచ్చాడు. అంటే పోషకుడు ఎక్కడుంటే పనిని అటు తిప్పాడు, నాటకశాలలు తెరవగానే మళ్లీ నాటకానికి వచ్చాడు. కొవిడ్ రోజుల్లో సోషల్ మీడియాలో "ప్లేగులో షేక్‌స్పియర్ గొప్ప నాటకం రాశాడు, మీరేం చేస్తున్నారు" అంటూ తిరిగిన పోస్టులు చాలామంది కళాకారులను అపరాధభావంలో ముంచాయి. నాకు ఆ పోస్టుల మీద ఇప్పటికీ కోపమే. ఇల్లు గడవడమే కష్టమైన మనిషిని గొప్ప రచన చేయమని అడగడం న్యాయం కాదు. ఆ కుర్రాడు తర్వాత నాతో, "మాస్క్ వెనక నోరు ఎవరికీ కనబడదు కదా, బండి మీద డైలాగులు చెప్పుకుంటూ పోతున్నా" అన్నాడు. అప్పుడు నాకు ఊపిరి తిరిగింది.

ప్రభుత్వ సాయం గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. చాలాచోట్ల సాయం భవనాలకు, సంస్థలకు చేరినంత సులువుగా మనుషులకు చేరలేదు. బ్రిటన్‌లో 2020 జులైలో కళా సంస్థల కోసం 157 కోట్ల పౌండ్ల నిధి ప్రకటించారు. కానీ సొంతంగా పనిచేసుకునేవాళ్ల కోసం పెట్టిన పథకంలో, సంపాదనలో సగానికన్నా తక్కువ స్వయం ఉపాధి నుంచి వచ్చేవాళ్లకు చోటు లేదు, కొత్తగా ఆ దారిలోకి వచ్చినవాళ్లకూ లేదు. రంగస్థల నటుల బతుకే అది: సగం నాటకం, సగం ఇంకో పని. అమెరికాలో మూతపడిన వేదికల సాయానికి 2021 ఏప్రిల్ 8న దరఖాస్తులు తెరిస్తే ఆ వెబ్‌సైటు అదే రోజు మొరాయించింది, మళ్లీ తెరవడానికి రెండు వారాలు దాటింది. ఫ్రాన్స్ పద్ధతి నాకు అన్నిటికన్నా మానవీయంగా అనిపించింది. అక్కడ కళాకారులు 12 నెలల్లో 507 గంటలు పనిచేసినట్టు చూపిస్తే పనిలేని రోజుల్లో భృతి వస్తుంది. ఆ గంటలు పూర్తిచేయడం ఎవరివల్లా కాదని గుర్తించి, 2021 ఆగస్టు చివరిదాకా హక్కుల్ని పొడిగించారు, తర్వాత ఆ గడువు ఇంకా పెంచారు. ఐర్లండ్ అయితే 2022లో 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున ఇచ్చే ప్రయోగం మొదలుపెట్టింది.

ఇందులో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. మీరు ఆడిన ప్రతి ప్రదర్శనకూ ఒక కాగితం ఉండాలి. సాయం కోసం దరఖాస్తు చేసేటప్పుడు మా 14 మందిలో తాము కళాకారులమని రుజువు చూపించగలిగింది అయిదుగురే. మిగతావాళ్లు ఏళ్ల తరబడి ఆడారు కానీ నోటిమాట మీద ఆడారు. 2020 ఫిబ్రవరిలో మేం రెండు ప్రదర్శనలిచ్చిన ఒక నిర్వాహకుడు డబ్బు ఇవ్వకుండా తప్పించుకున్నాడు. నా చేతిలో సంతకం ఉన్న ముక్క కాగితం కూడా లేదు. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు. అప్పటి నుంచి ఎంత తెలిసినవాళ్లైనా ఒక పేజీ ఒప్పందం రాసుకోనిదే నేను తేదీ ఇవ్వడం లేదు.

మాకో చిన్న ఉమ్మడి నిధి ఉండేది. ప్రతి ప్రదర్శన మీద వచ్చినదాంట్లో పదో వంతు తెరలకు, సామాను రవాణాకు తీసి పెట్టేవాళ్లం. దాన్ని పంచుకోవాల్సి వచ్చినప్పుడు మూడు గంటలు గొడవ పడ్డాం. సమానంగా పంచాలని కొందరు, అవసరాన్ని బట్టి పంచాలని కొందరు. గొడవ గట్టిగానే జరిగింది. సమానంగా అంటున్న ఆమె నిజంగా ఇబ్బందిలో ఉందని, అందరి ముందూ చెప్పుకోలేకే సమానం అంటోందని నాకు ఆలస్యంగా అర్థమైంది. చివరికి ఇలా చేశాం: ఎవరికి ఎంత కావాలో నాకొక్కడికే చెప్పారు, ఎవరెంత తీసుకున్నారో మిగతావాళ్లకు తెలియదు. ఇంట్లో జీతం వచ్చే మనిషి ఉన్న ఇద్దరు మాకొద్దని తప్పుకున్నారు. నిధి అయిదో నెలలో అయిపోయింది. కానీ ఆ అయిదు నెలల్లోనే అందరూ ఏదో ఒక పని వెతుక్కోగలిగారు.

ఇప్పుడు కళను ఎలా బతికించుకున్నామో చెబుతాను, నాకు దీని గురించే ఎక్కువ చెప్పాలనుంది.

మొదట్లో రోజూ ఉదయం ఆరున్నరకు ఫోన్‌లో కలిసేవాళ్లం. వీడియో కాదు, మాట మాత్రమే. వీడియోలో ప్రతివాడూ తన ముఖమే చూసుకుంటాడు. మాట మాత్రమే ఉంటే ఎదుటివాడిని వింటాడు. ఒక్కటే నియమం: ఆ గంటలో జబ్బు వార్తలూ డబ్బు మాటలూ ఎత్తకూడదు. ఏదో ఒక నాటకం తీసుకుని వంతులవారీగా చదివేవాళ్లం. కలిసి ఒక్కసారిగా పలకడం కుదరదు, ఎందుకంటే ఫోన్‌లో మాట కొంచెం ఆలస్యంగా చేరుతుంది. ఆ కాస్త తేడాకే లయ చెడిపోతుంది, పాట అయితే అసలు కలవదు. కాబట్టి కోరస్‌లు వదిలేశాం.

రెండు నెలల తర్వాత ఆ గంటను సాయంత్రానికి మార్చాం. కారణం ఉంది. నటుడికి అన్నిటికన్నా కష్టమైన సమయం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. ఏళ్ల తరబడి ఆ వేళకు ఒంట్లో వేడి పుట్టి, గుండె కాస్త వేగంగా కొట్టుకోవడం అలవాటైన శరీరం అది. ప్రదర్శన లేకపోయినా ఆ వేళకు లేచి కూర్చుంటుంది. దాన్ని ఎటు మళ్లించాలో తెలియదు. మావాళ్లలో ఒకడు ఆ వేళకే తాగడం మొదలుపెట్టాడు. నేను ఆలస్యంగా గమనించాను, దానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఉదయపు గంట గొంతుకు మంచిదే కానీ మనిషిని కాపాడింది సాయంత్రపు గంటే. మళ్లీ ఎప్పుడైనా పని ఆగితే ముందు మీ సాయంత్రాలకు ఒక ఏర్పాటు చేసుకోండి. నడకైనా సరే, ఎవరికైనా పాఠం చెప్పడమైనా సరే, ఆ వేళ ఒంటరిగా ఖాళీగా ఉండొద్దు.

మా బృందంలో 71 ఏళ్ల పెద్దాయన ఉండేవారు. ఒంటరిగా ఉండేవారు. అందరికన్నా ముందు ఆయన ఫోన్‌లోకి వచ్చేవారు. 30 ఏళ్లుగా వేసిన పాత్రలో మాటలు మధ్యలో మర్చిపోయేవారు. ఎవరూ అందించేవాళ్లం కాదు, ఆయన అడిగితేనే అందించాలని మాలో మేం అనుకున్నాం. ఒక్కోసారి నిమిషం దాకా నిశ్శబ్దం. తర్వాత మాట దొరికేది. ఆయన 2021లో కొవిడ్‌తోనే పోయారు. మరుసటి సాయంత్రం అందరం ఫోన్‌లో కలిశాం కానీ ఎవరూ ఏమీ చదవలేదు.

ఆన్‌లైన్ నాటకాల గురించి నా అభిప్రాయం అడిగారు. నిజం చెప్పాలంటే కుదిరినవీ, కుదరనివీ రెండూ చూశాను. లండన్ నేషనల్ థియేటర్ 2020 ఏప్రిల్ నుంచి 16 నాటకాలు యూట్యూబ్‌లో ఉచితంగా చూపిస్తే కోటిన్నర సార్లు చూశారు. అది చూసి మనమూ చేద్దామని చాలా బృందాలు దిగాయి. కానీ వాళ్లు 2009 నుంచే సినిమా హాళ్లలో చూపించడానికి ఎన్నో కెమెరాలతో నాటకాలు తీసి పెట్టుకున్నారు. మా దగ్గరున్న రికార్డింగుల్లో సగం ప్రేక్షకుల తలలే. లండన్‌లోనే ఓల్డ్ విక్ అనే నాటకశాల ఖాళీ హాల్లో ఇద్దరు నటుల్ని దూరంగా నిలబెట్టి ప్రత్యక్షంగా చూపించింది, ప్రతి ప్రదర్శనకూ పరిమితంగా టికెట్లు అమ్మింది. న్యూయార్క్ పబ్లిక్ థియేటర్ ఇంకా తెలివైన పని చేసింది. ఒక కుటుంబం జూమ్‌లో మాట్లాడుకోవడమే కథగా కొత్త నాటకాన్ని 2020 ఏప్రిల్‌లో జూమ్‌లోనే ఆడించింది. అక్కడ తెరమీది చతురస్రాలు అడ్డు కాలేదు, అవే రంగస్థలమయ్యాయి.

మేం మొదట మామూలు నాటకాన్నే కుదించి వీడియో కాల్‌లో ఆడాం. 200 మంది చూడటం మొదలుపెడితే చివరికి 40 మంది మిగిలారు. తప్పు ప్రేక్షకులది కాదు. పక్కవాడి నవ్వు వినబడకుండా నవ్వడం ఎవరికైనా కష్టం. తర్వాత పారిస్‌లోని లా కొలిన్ నాటకశాల నటులు మనుషులకు నేరుగా ఫోన్ చేసి చదివి వినిపిస్తున్నారని తెలిసి మేమూ అదే చేశాం. ఒక నటుడు, ఒక శ్రోత, 12 నిమిషాల ఏకపాత్ర. డబ్బు అడగలేదు. నా 27 ఏళ్లలో ప్రేక్షకుడి ఊపిరి అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. అయిపోయాక కొందరు చాలాసేపు ఫోన్ పెట్టేవాళ్లు కాదు. దాంతో ఇల్లు గడవలేదు, కానీ మేం నటులమని మర్చిపోకుండా ఉన్నాం.

తిరిగి రావడం గురించి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకని నేను చెబుతాను. మూసేసిన కాలం కంటే తెరిచిన మొదటి మూడు నెలలు కష్టం. మొదటి రిహార్సల్లో 40 నిమిషాలకే నా గొంతు బొంగురుపోయింది. ఫోన్‌లో చదవడం వేరు, హాలు నిండేలా పలకడం వేరు. మోకాళ్లు నొప్పులు. మాటలు గుర్తొస్తాయా అని అందరికీ టెన్షన్. కూర్చుని చదివితే రాని మాటలు, లేచి ఎవరి చోట్లో వాళ్లు నిలబడి అటూ ఇటూ నడిస్తే వచ్చేశాయి. మాటల్ని శరీరం దాచుకుంటుందని నాకు అప్పుడు తెలిసింది. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు కనీసం ఆరు వారాల రిహార్సల్ లేకుండా టికెట్లు అమ్మకండి. ప్రేక్షకుల ముఖాలు మాస్కుల వెనక ఉంటే నవ్వారో లేదో తెలియదు. హాల్లో ఎవరైనా దగ్గితే వేదిక మీద మేమంతా ఒక్క క్షణం ఆగేవాళ్లం.

జబ్బు కూడా ఒక్కసారిగా పోలేదు. 2021 డిసెంబర్‌లో ఒమిక్రాన్ వచ్చినప్పుడు బ్రాడ్‌వేలో ఒక ప్రధాన నటి రాలేకపోతే, అదే రోజు కబురందుకున్న స్వింగ్ నటి రాత్రికి ఆ పాత్ర వేసింది. అంటే ఎన్నో పాత్రలు నేర్చుకుని సిద్ధంగా ఉండే నటి. ప్రదర్శన అయ్యాక, అందులో నటిస్తున్న హాలీవుడ్ నటుడు హ్యూ జాక్‌మన్ వేదిక మీదే ఆమెకూ అలాంటి నటులందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. మేం ఇప్పుడు ప్రతి పాత్రకూ ఇద్దరిని సిద్ధం చేస్తున్నాం. మీరు ఏ బృందంలో చేరినా మీ పాత్రతో పాటు ఇంకో పాత్ర నేర్చుకోండి. పని ఎక్కువ దొరుకుతుంది.

మా 14 మందిలో తిరిగొచ్చింది పది మంది. ముగ్గురు వేరే ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. వాళ్లను ఓడిపోయినవాళ్లని ఎవరైనా అంటే నేను ఊరుకోను. పాఠాలు చెప్పడానికి వెళ్లిన ఆమె ఇప్పుడు ప్రతి మొదటి ప్రదర్శనకూ వచ్చి ముందు వరసలో కూర్చుంటుంది.

మీ ఉద్యోగం సంగతికి వస్తే, సాయంత్రాలు ఖాళీగా ఉంటాయని మీరే రాశారు. అలాంటప్పుడు వెంటనే రాజీనామా చేయకండి. ఒక ఏడాది ఉద్యోగం చేస్తూనే ఆడండి. ఆ ఏడాదిలో ఎన్ని ప్రదర్శనలు వచ్చాయి, చేతికి ఎంత అందింది, అందడానికి ఎన్ని రోజులు పట్టింది, అన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఈలోగా ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచండి. ఏడాది తర్వాత ఆ పుస్తకం దగ్గర పెట్టుకుని మళ్లీ అడగండి, లెక్క కలిసి చూద్దాం.